స్టారుకి కిరసనాయిలు

పటమటలో పటాలు తీసి బతికిన మనిషి ఆరోన్. పెళ్ళి పటాలు, పాస్‌పోర్టు పటాలు, చివరికి గోడకెక్కి దండ వేయించుకునే పటాలు కూడా తీశాడు. మూడు దశాబ్దాలు జనం మొహాల మీద లైటు వేసిన చెయ్యి అది. సెల్లు వచ్చి స్టూడియోకి చెల్లుచీటీ రాసేసరికి షట్టరు దించేశాడు. ఇప్పుడు యాభై దాటాక, చీకటి పడగానే మేడెక్కి, ఊళ్ళో ఉన్న లైట్లన్నిటినీ పేరుపేరునా తిట్టుకుంటున్నాడు.

రోజూ చీకటి పడ్డాక మేడెక్కే మగాణ్ణి వీధి ఊరికే వదిలిపెట్టదు. "ఆరోన్ గారు చుక్క కోసం ఎక్కుతున్నారట" అన్నారు. నిజమే, చుక్క కోసమే. కాకపోతే సీసాలో చుక్క కాదు, ఆకాశంలో చుక్క. భార్య హెప్సిబా అనుమానం మాత్రం ఇంకో దారిలో నడిచింది. మొగుడు ఫోనులో ఎవరితోనో "నిహారిక ఇవాళ కూడా దొరకలేదండీ, రేపు మళ్ళీ మేడ మీద చూస్తా" అనడం ఆవిడ చెవిన పడింది.

"నిహారిక ఎవరండీ?" అంది, చారు పోయడం సగంలో ఆపి.

"మబ్బు. నెబ్యులా అంటారు. ఆకాశంలో వాయువులు అంత మేర పరుచుకుని, పక్కనున్న నక్షత్రం పుణ్యమా అని ఎర్రగా వెలుగుతుంటాయి. నేను పట్టుకోవాలనుకునేది కాలిఫోర్నియా నెబ్యులా. ఆ రాష్ట్రం మ్యాపులా ఉంటుందని ఆ పేరు."

"మబ్బులో ఉన్నది మీరు. ఈ వయసులో ఇవన్నీ లైట్ తీసుకోవాలి గానీ..."

"లైట్ తీసుకోవడం ముప్ఫయ్యేళ్ళు చేశాను. ఇప్పుడు లైటు తీసెయ్యడం నేర్చుకుంటున్నా."

చారు పూర్తిగా పడింది. కాస్త కంచం బయట కూడా పడింది.

పటమటలో సగం ఇళ్ళకి కాలిఫోర్నియాలో ఎవరో ఒకరు ఉన్నారు. వీసా లేకుండా, వీధి మలుపు దాటకుండా కాలిఫోర్నియా చూద్దామనుకున్నవాడు ఆరోన్ ఒక్కడే. అయితే ఇది ఉత్త సరదా అయితే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. అసలు సంగతి ఆ మబ్బు కాదు, అక్క కన్ను.

అక్క పేరు అమలమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే ఆరోన్‌ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. పామర్రు దాటాక కాలవ పక్కనున్న పుట్టిన పల్లెలోనే కాపురం చేసి, భర్త పోయాక కూడా అక్కడే ఉండి, కుడికంటి శుక్లం తీయించుకోవడానికి మొన్న వేసవిలో తమ్ముడింటికి వచ్చింది. ఆపరేషన్ దివ్యంగా జరిగింది. కట్టు విప్పాక గోడ మీద అక్షరాలు చదివింది. ఇంటికొచ్చి సూదిలో దారం ఎక్కించింది. బియ్యంలో హెప్సిబా వదిలేసిన రాళ్ళు ఏరి, ఆ సంగతి అందరికీ తెలిసేలా పళ్ళెంలో టంగుటంగుమని వేసింది. ఆ సాయంత్రం మేడెక్కి తలెత్తి చాలాసేపు చూసింది. నెమ్మదిగా దిగి వచ్చింది.

"ఆపరేషన్ తేడా కొట్టిందిరా. చుక్కల్లేవు."

కంటి డాక్టరు సుస్మిత గారు ఎందుకైనా మంచిదని ఇంకో నెల చుక్కలమందు వేసుకోమన్నారు. వేశారు. "కంట్లో ఏసిన చుక్కలన్నీ ఎటు పోతన్నాయో గానీ, పైన ఒక్కటీ రావట్లేదు" అంది అమలమ్మ. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు ఆరోన్. డాక్టరమ్మ లోపలికంటా లైటు వేసి చూసి, నవ్వి, "మీ కన్ను బ్రహ్మాండంగా ఉంది బామ్మగారూ" అన్నారు.

"బ్రహ్మాండం కనపడితే కదమ్మా బ్రహ్మాండంగా ఉన్నట్టు" అంది అమలమ్మ.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఎడమకంటి శుక్లం బాగా ముదిరిపోయింది. అది ఇంకా ఆలస్యం చేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి ఉన్న చూపు కూడా పోతుందని, సంక్రాంతి సెలవుల లోపే తీసెయ్యాలని ఆవిడ గట్టిగా చెప్పారు. అమలమ్మ అంతకంటే గట్టిగా చెప్పింది. "ఒకటి పాడుచేశారు, చాలు. పిల్లలకోడి కనపడిన రోజున రెండోది చేయించుకుంటా. అందాకా ఉన్న మసకే నాకు మేలు."

పుస్తకాల్లో కృత్తికలని రాసే చుక్కల గుంపునే వాళ్ళ ఊళ్ళో పిల్లలకోడి అంటారు. తల్లికోడి చుట్టూ పిల్లలు ముద్దగా చేరినట్టుంటుంది. ఆ కోడిని ఆరోన్‌కి పరిచయం చేసింది అక్కే.

నాన్న కౌలుకి చేసే రెండెకరాల వరి కోసి, పనలు కట్టి కుప్ప వేశాక, నూర్పిడి దాకా రాత్రి కాపలా పిల్లల వంతు. కుప్ప పక్కనే గడ్డి పరిచి, గోనెపట్టా వేసి, ఇద్దరికీ ఒకటే దుప్పటి. కొత్తవడ్ల వాసన. కాలవలో నీళ్ళు గట్టుని నాకుతున్న చప్పుడు. ఎక్కడో నక్కలు. మంచు దిగుతుంటే దుప్పటి బరువెక్కేది. అక్క చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి పైన ఒక్కొక్కటే చూపించేది. అది పిల్లలకోడి. అది గొల్లకావడి, మూడు చుక్కలూ వరసగా. అంత ఆకాశం, అంత కిక్కిరిసి, మీద పడిపోతుందేమో అన్నట్టుండేది. ఒకసారి ఆరోన్ అడిగాడు.

"మరి కోడిపుంజేదక్కా?"

"పందేనికి పట్టుకెళ్ళారు. పడుకో."

ఆ ఆకాశం పటమట మేడ మీద వెతికితే ఎక్కడ దొరుకుతుంది. ఇక్కడ తారలు తక్కువ, తారు ఎక్కువ. ఫ్లైఓవరు దీపాలు, బట్టల షాపుల హోర్డింగులు, ప్రతి సందుకీ తెల్లటి ఎల్‌ఈడీలు. రాత్రి అయిందని ఆకాశానికి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఆ మాటే అక్కకి చెప్పాడు. "తప్పు కంటిది కాదక్కా, కాంతిది." ఆవిడ నమ్మలేదు. సరే, సొంతూరికే తీసుకెళదామని ఒక సాయంత్రం కారులో పామర్రు మీదుగా పల్లెకి తీసుకెళ్ళాడు. కుప్ప వేసిన పొలం రొయ్యల చెరువైపోయింది. గట్టు పొడుగునా ట్యూబులైట్లు, నీళ్ళు చిమ్మే చక్రాలు, పైన పల్చగా మంచు, ఆ మంచు నిండా లైటు. అమలమ్మ కారు దిగి, తలెత్తి చూసి, మళ్ళీ కారెక్కింది. "చూశావా. ఇక్కడా లేవు. ఇక కన్ను కాక మరేంటి" అంది.

అక్కడ మొదలైంది ఆరోన్‌కి కాలిఫోర్నియా పిచ్చి. ఆ మబ్బు పిల్లలకోడికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. చిన్నదేం కాదు, పున్నమి చందమామల్ని పక్కపక్కనే నాలుగైదు పేర్చినంత పొడుగు. కుప్ప కాపలా రాత్రుల్లో కూడా అది సరిగ్గా వాళ్ళ నెత్తి మీదే ఉంది. అక్క పదిహేడేళ్ళ కళ్ళకి గానీ, తన ఆరేళ్ళ కళ్ళకి గానీ కనపడలేదు. ఆ ఎరుపు మనిషి కంటికి అందదు. దాన్ని ఫోటో తీసి అక్క ముందు పెట్టి, "ఇదిగో, మంచి కన్నుకి కూడా కనపడనివి పైన ఉంటాయి. కనపడకపోతే కన్ను పోయినట్టు కాదు" అని చెప్పాలని అతని పన్నాగం.

ఇందుకోసం కెమెరాకి కూడా ఆపరేషన్ చేయించాడు. మామూలు కెమెరా లోపల సెన్సారు ముందు ఒక గాజుపొర ఉంటుంది. అది ముదురు ఎరుపుని లోపలికి రానివ్వదు. పెళ్ళిళ్ళు తీసిన పాత కెమెరాని హైదరాబాదు పంపి ఆ పొర తీయించాడు. "అక్కకీ కెమెరాకీ ఒకే ఏడు శుక్లం తీయించాను. కెమెరా మాత్రం నోరెత్తలేదు" అని చెప్పుకున్నాడు. లెన్సు ముందు ఆ ఒక్క ఎరుపు తప్ప మిగతా ఊరి వెలుగుని ఆపేసే ఫిల్టరు బిగించాడు. ఆకాశంతో పాటే కెమెరాని నెమ్మదిగా తిప్పే చిన్న మోటారు కొన్నాడు. ఇక చంద్రుడితో తగవు. వెన్నెలుంటే మబ్బు పడదు కాబట్టి పంచాంగం చూసి మరీ మేడెక్కేవాడు. కంట్లో శుక్లం, ఆకాశంలో శుక్లపక్షం, రెండూ చుక్కలకి పగవాళ్ళేనని హెప్సిబాకి చెబితే, ఆవిడ ఈసారి చారే పోయలేదు.

ఇలాంటి ఫోటో ఒక్క క్లిక్కుతో రాదు. నిమిషాల తరబడి తెరిచి ఉంచి, మళ్ళీ మళ్ళీ తీసి, అన్నిటినీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అది వివరిస్తుంటే అమలమ్మకి చప్పున అర్థమైంది. "పనలు పేర్చి కుప్ప ఎయ్యడమేగా" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దానికి కుప్ప వెయ్యడమనే పేరు స్థిరపడింది.

డిసెంబరు వచ్చింది. క్రైస్తవుల ఇళ్ళ మీద క్రిస్మస్ స్టార్లు లేచాయి. పడమటి పక్కింటి జక్కయ్య గారి మేడ మీద లేచింది అందరి స్టార్లకీ తాత. నీళ్ళ ట్యాంకుకంటే పెద్దది, ఇనప చట్రం, ఎర్రటి రేకులు, లోపల ఎర్ర బల్బులు. చర్చి నుంచి చూసినా కనపడుతుంది.

ఆరోన్ దాన్ని చూసి భయపడాల్సింది పోయి సంతోషించాడు. ఫిల్ము రోజుల్లో స్టూడియో వెనక చీకటిగదిలో అతని యవ్వనమంతా ఎర్రబల్బు కిందే గడిచింది. ఆ ఎర్రటి వెలుగులో ట్రేలో ఊపుతుంటే తెల్లకాగితం మీద ముందు ముక్కుపుడక, తర్వాత ముక్కు, తర్వాత సిగ్గుపడుతున్న పెళ్ళికూతురు తేలి వచ్చేది. తెల్లలైటు వెలిగిందా, కాగితం మాడి మసి. ఎర్రదీపం మాత్రం దాన్ని ఏమీ చెయ్యదు. చీకటిగది మనిషికి ఎరుపంటే చుట్టం. అందుకని వీధిలైటు తగలని మూల చూసుకుని, జక్కయ్య గారి స్టారుకి వీపు పెట్టి, కెమెరా నిలబెట్టాడు. నాలుగు సాయంత్రాలు తీశాడు. కుప్ప వేశాడు.

తెర మీద ఎర్రటి మబ్బు లేచింది. లేవడమంటే మామూలుగా కాదు, మూలనుంచి మూలకి పొగలు కక్కుతూ లేచింది. ఆరోన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చర్చి వాట్సప్ గ్రూపులో పెట్టాడు. పాస్టరు గారు దేవుని మహిమ అన్నారు. హెప్సిబా స్టేటస్ పెట్టుకుంది. జక్కయ్య గారు కూడా బొటనవేలు పంపారు. అమలమ్మ ఒక్కతే కుడికన్ను చికిలించి చాలాసేపు చూసింది.

"బాగానే ఉంది. కానీ ఫోటోయేగా."

"ఫోటో అయితే?"

"రత్తయ్య గారి అమ్మాయి పెళ్ళి ఫోటోల్లో పిల్లని పాలరాయి బొమ్మలా తెల్లగా చేసిందెవరు? ఎండలో చెమటోడుస్తున్న పెళ్ళికొడుకు ఎనకమాల మంచుకొండలు పెట్టిందెవరు? నీ ఫోటోలో మబ్బుందని నేను కన్ను కోయించుకోవాలంట్రా?"

మంచుకొండలు పెట్టింది తనే. అడిగినవాళ్ళకి జలపాతం కూడా పెట్టాడు.

మర్నాడు సాయంత్రం సరదాకి గొల్లకావడి వైపు తిప్పి తీశాడు. ఎర్రమబ్బు ఉంది. అదే మబ్బు. అదే మూల నుంచి అదే మూలకి. ఇంకోవైపు తిప్పాడు. కాలిఫోర్నియా అక్కడికీ వచ్చింది. ఎటు తిప్పినా వెంటపడి వస్తున్న మబ్బుని చూసి అతనికి అనుమానం వచ్చింది. కెమెరా వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. మనం కన్ను ఆనించి చూసే కంత ఉంటుంది కదా, ఆ కంతలో జక్కయ్య గారి స్టారు ముద్దుగా, ఎర్రగా మెరుస్తోంది. ముందు నుంచి ఊరి లైటుని ఫిల్టరు ఆపింది, వెనక నుంచి స్టారు లైటు దొడ్డిదారిన లోపలికి వచ్చింది. దేవుని మహిమ అని పాస్టరు గారన్నది జక్కయ్య గారి బల్బుల్ని. కాగితానికి ఎరుపు చుట్టం కావచ్చు. ఎరుపునే వెతుకుతూ తెరిచి కూర్చున్న కెమెరాకి మాత్రం ఎర్రదీపమే పగ. ఇన్నేళ్ళ చీకటిగది అలవాటు అతన్ని వెలుగులో ముంచింది.

గ్రూపులో నిజం చెప్పక తప్పలేదు. హెప్సిబా స్టేటస్ తీసేసింది. అమలమ్మ మాత్రం ఒక్క ముక్కే అంది. "నే చెప్పలా."

ఆ రాత్రి ఆరోన్‌కి ఒకటి తేలిపోయింది. ఫోటోతో అక్క నమ్మదు. ఇంకో వంద కుప్పలు వేసినా నమ్మదు. ఆవిడ కన్ను చూడాలి, ఆవిడ కన్నే. పటమటలో ఆకాశం ఎంత చచ్చినా, కొనఊపిరితో పిల్లలకోడి ఒక్కటి మిగిలే ఉంది. వెన్నెల లేని రాత్రి, చుట్టూ మరుగు కట్టి, ఆ స్టారొక్కటి ఆపితే మంచి కన్నుకి మసగ్గానైనా దొరుకుతుంది. డాక్టరమ్మ పెట్టిన గడువు దగ్గర పడుతోంది. పొద్దున్నే జక్కయ్య గారి గేటు తీశాడు.

జక్కయ్య గారు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో చేసి రిటైరయిన మనిషి. బొగ్గు దగ్గర పని చేసి చేసి మాట కూడా కాస్త సెగగానే ఉంటుంది.

"వందనాలండీ అన్నయ్య గారూ. చిన్న సాయం. రాత్రి ఎనిమిదింటికి ఒక గంట మీ స్టారు ఆపాలి."

జక్కయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "పేరు ఆరోనైనంత మాత్రాన వెలిగే దీపాలన్నీ ఆర్పమంటావేంటయ్యా?"

"అన్నీ కాదండీ, మీదొక్కటే."

"సర్వీసంతా బొగ్గు తగలేసి ఊరికి కరెంటిచ్చాను. నా ఇంటి మీద నన్నే ఆపమంటావు. ఒకటో తారీఖున ప్రార్థన చేసి ఎత్తిన స్టారు అది. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యేదాకా ఆరదు. మా నాన్న నాటి నుంచి మా ఇంట్లో ఆరలేదు."

"అక్కయ్యకి చుక్కలు చూపించాలండీ."

"మాకు చూపిస్తున్నావుగా, చాలదా? అలవాటు ఎక్కడికి పోతుంది. తాళి కట్టబోతున్న పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని 'ఒక్క నిమిషం, ఇటు చూడండి' అని ఆపేవాడివి. ఇప్పుడు క్రిస్మస్‌నే ఆపమంటున్నావు."

గోడకి ఇవతల గోరుచిక్కుళ్ళు తుంచుతున్న అమలమ్మ చేతులు ఆగాయి. తమ్ముణ్ణి అనే హక్కు ఆవిడ ఎవరికీ పంచి ఇవ్వలేదు.

"మీ నాన్నగారి నాటి నుంచి ఆరలేదా జక్కయ్య గారూ?"

"ఆరలేదమ్మా."

"అప్పుడు మీ ఊళ్ళో కరెంటుందా?"

"ఎక్కడిది. వెదురుబద్దల స్టారు, ఎర్ర గ్లేజు కాగితం, లోపల లాంతరు."

"మాదీ అంతే. మరి లాంతర్లో చమురు తెల్లార్లూ వచ్చేదా?"

జక్కయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పక్కన పెట్టిన పేపరు గాలికి రెపరెపలాడింది.

"రాదు" అన్నారు. సెగ తగ్గింది. "వచ్చేది కాదు. సరుగుడు బాదుకి కప్పీ కట్టేవాళ్ళు. తాడు వదిలితే స్టారు ఊగుతా కిందకొచ్చేది. మా అమ్మ లాంతరు తీసి, చిమ్నీ పాతగుడ్డతో తుడిచి, వత్తి కత్తిరించి, కిరసనాయిలు పోసేది. పోస్తున్నంతసేపూ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు, ఎక్కడ ఒలకబోస్తామో అని."

"అంతసేపూ ఏం చేసేవాళ్ళు?"

"ఏముంది, చీకట్లో నుంచునేవాళ్ళం." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "పైకి చూసేవాళ్ళం."

"మరి ఆ చీకటి మీ నాన్నగారి ఆచారంలో లేదా?"

జక్కయ్య గారు తన స్టారు వైపు చూశారు. పగటిపూట అది ఉత్త రేకుల్లా ఉంది. చాలాసేపు అలా చూసి, "ఎనిమిదింటికి పోద్దాం" అన్నారు. "కిరసనాయిలు."

ఎనిమిది కాకుండానే ఆరోన్ మేడ సిద్ధం చేశాడు. స్టూడియో నాటి గుడ్డతెర, పూలతోటా కొలనూ రంగులేసినది, బట్టల తాడు మీద వేలాడదీసి వీధిలైటుకి అడ్డం కట్టాడు. కెమెరా వెనక కంతకి నల్ల టేపు రెండు పొరలు వేశాడు. మడతమంచం పరిచి అక్కని కూర్చోబెట్టాడు. హెప్సిబా శాలువా తెచ్చి వదిన భుజాల మీద కప్పింది. పక్క మేడ మీద జక్కయ్య గారు స్విచ్చు దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు ఒక్క క్షణం తల వంచి, ఆపారు.

వీధి ఒక్కసారిగా చిన్నదైపోయినట్టనిపించింది. ఆయన తడుముకుంటూ మెట్లు దిగి, ఇటు మెట్లెక్కి వచ్చి మంచం చివర కూర్చున్నారు. కూర్చోగానే ఫోను మోగింది. ఎదురింటి వినీల. "అంకుల్, మీ స్టార్ ఆరిపోయింది, చూసుకున్నారా?"

"నూనె పోస్తున్నామమ్మా" అని పెట్టేశారు.

ఆరోన్ కెమెరాని దాని పనికి వదిలి అక్క వెనక నిలబడ్డాడు. అమలమ్మ తలెత్తింది. మొదట ఏమీ లేదు. బూడిదరంగు ఆకాశం. ఆవిడ పెదవి విరుపు చీకట్లో కూడా అతనికి తెలిసింది.

"ఓపిక పట్టక్కా. కన్నుకి చీకటి అలవాటు కావాలి. ఇటు, నా వేలి చివరనుంచి. నేరుగా చూడకు. కాస్త పక్కకి చూస్తూ దాన్ని కనిపెట్టు."

"పెళ్ళిచూపుల్లో మీ బావని చూసినట్టా?"

"అలాగే."

"అలా చూసే మోసపోయాను. కూర్చున్నాడు కదా, పొడుగనుకున్నా."

జక్కయ్య గారు నవ్వు ఆపుకోబోయి దగ్గారు. హెప్సిబాకి ఆ అవసరం కూడా లేకపోయింది, హాయిగా నవ్వేసింది. ఆ నవ్వులో అమలమ్మ కలవలేదు. ఆవిడ మెడ కొంచెం పక్కకి వాలి, అక్కడే ఆగిపోయింది.

"అదేంట్రా?"

"ఏది?"

"అదుగో, పలకమీద సుద్ద చెరిపితే మిగిలినట్టుంది."

ఆరోన్ వంగి ఆవిడ చూపు వెంటే తనూ చూశాడు. అమలమ్మ అరచేత్తో కుడికన్ను మూసింది. తీసింది. ఎడమకన్ను మూసింది. మళ్ళీ కుడికన్ను. అలా చాలాసేపు, ముగ్గురూ చూస్తుండగా, ఆవిడ తన రెండు కళ్ళనీ ఎదురెదురుగా నిలబెట్టి విచారణ చేసింది.

"దీనికి కనపడతంది" అంది చివరికి కుడికన్ను తాకి. "కోడి ఉంది. పిల్లలు కలిసిపోయాయి గానీ, ఉంది. ఎడందానికి కోడి కాదు గదా, జక్కయ్య గారే కనపడట్లా."

"పక్కనే ఉన్నానమ్మా."

"ఇంత చీకటి చేసినా ఇంతేనా ఆరోనూ?"

"ఇంతే అక్కా. పటమటలో ఎంత మంచి కన్నుకైనా ఇంతే."

ఆవిడ శాలువా దగ్గరకి లాక్కుంది. "అయితే కన్ను పోలా. ఆకాశం పోయింది." ఇంకాసేపు చూసి అంది. "కన్నయితే డాక్టరమ్మ చేస్తది. దీనికెవరు చేస్తారు?"

ఫ్లైఓవరు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆ అమ్మాయికి ఫోన్ చెయ్. కొత్త సంవత్సరం ఆరాధన అవ్వగానే ఎడందీ కోసెయ్యమను. పాపం, లేనిపోని మాటలన్నాను."

"పొద్దున చేస్తానక్కా."

"ఇప్పుడే చెయ్. పొద్దుటికి నాకు మళ్ళీ భయమేస్తే?"

ఆరోన్ కిందికి దిగి ఫోన్ చేశాడు. డాక్టరమ్మ భోజనం మధ్యలో ఉన్నారేమో, ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక తారీఖు చెప్పి, "ఏం చూపించారండీ ఆవిడకి?" అని అడిగారు. "చీకటి" అన్నాడు ఆరోన్. మళ్ళీ పైకి వెళ్ళి చడీచప్పుడు లేకుండా కెమెరాలోంచి కార్డు తీసుకుని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కుప్ప వేశాడు. పేరుస్తున్నకొద్దీ బూడిదరంగు లోంచి ఏదో తేలింది. పొగలు కక్కలేదు, మూలలు ముంచలేదు. ఎన్నిసార్లు ఉతికినా పోని ఆవకాయ మరకలా, ఒక పక్క వంపు తిరిగి, సన్నగా, ఎర్రగా. మ్యాపుతో పోల్చి చూశాడు. ఆ వంపే. తను ఆరేళ్ళవాడుగా గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్నప్పుడు కూడా పైన ఉన్నదే. అతను కుర్చీలో వెనక్కి వాలి, చిన్నగా ఈల వేశాడు.

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. చివరి మెట్టు దగ్గర ఆగాడు.

మంచం మీద ముగ్గురూ అలాగే ఉన్నారు. జక్కయ్య గారు స్టారు కాగితానికి చింతగింజల జిగురుని మించింది లేదంటున్నారు. మైదా అయితే నల్లచీమలు పట్టి, క్రిస్మస్ నాటికి స్టారుకి నాలుగు కోణాలే మిగిలేవట. అమలమ్మ ఒప్పుకోవట్లేదు. మైదాలో కాస్త మైలుతుత్తం కలిపితే ఏ చీమా రాదని, అది కలపడం తెలియని ఆడవాళ్ళ చేత చేయించి ఉంటారని అంటోంది. మధ్యలో కూర్చున్న హెప్సిబా, ఎన్నడూ స్టారు అతికించి ఎరగనిది, ఇద్దరికీ ఊ కొడుతోంది. మాట్లాడుతున్నారే గానీ ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదు. మూడు తలలూ పైకే ఉన్నాయి. జక్కయ్య గారు ఇస్తానన్న గంట ఎప్పుడో దాటిపోయింది.

ఆరోన్ మూత కొంచెం తెరిచాడు. తెర వెలుగు మెట్ల గోడ మీద పడింది. వెంటనే మూసేసి, ల్యాప్‌టాప్‌ని ఆ మెట్టు మీదే వదిలి, చీకట్లో అడుగు చూసుకుంటూ మంచం వైపు నడిచాడు. అమలమ్మ తల దించకుండానే పక్కకి జరిగింది.